మీరడిగారు: న్యూయార్క్ తలుపులకు ఇనప కడ్డీ

పోయిన సంచికలో ఒక పాఠకురాలు న్యూయార్క్ పాత అపార్ట్‌మెంట్ ఫొటో ఒకటి పంపి, వీధి తలుపుకి లోపలి నుంచి ఏటవాలుగా ఆనించిన ఆ ఇనప కడ్డీ ఏమిటని అడిగారు. దాన్ని ‘పోలీస్ లాక్’ అంటారనీ, దొంగల భయం బాగా ఉన్న రోజుల్లో పెట్టుకునేవారనీ రెండు ముక్కల్లో చెప్పి ఊరుకున్నాను. దాని మీద ఇన్ని ఉత్తరాలు వస్తాయని అనుకోలేదు. ఈసారి శీర్షిక మొత్తం వాటికే. క్రైమ్ రిపోర్టర్‌గా చేసి రిటైరైనవాణ్ణి, ఈ విషయం ఎత్తితే నాకూ ఓ పట్టాన నోరు ఆగదు.

ప్రశ్న: మా బావగారు చాలా ఏళ్లుగా అమెరికాలో ఉంటున్నారు. 1950ల్లో న్యూయార్క్‌లో జనం తలుపులు బార్లా తీసి పడుకునేవారనీ, అరవైల్లో ఒక్కసారిగా ఊరు పాడైపోయిందనీ అంటారు. నిజమేనా? (ఒక బ్యాంకు ఉద్యోగి)

మీ బావగారు సగమే చెప్పారు. అరవైల్లో నేరాలు పెరిగిన మాట నిజం. అంతకుముందు ఊరు నిశ్చింతగా నిద్రపోయిందన్న మాట మాత్రం అప్పటి పేపర్లు తిరగేస్తే నిలబడదు.

1957 జూలై 30 రాత్రి మాన్‌హట్టన్ ఉత్తరాన హైబ్రిడ్జ్ పార్కులో మైకేల్ ఫార్మర్ అనే పదిహేనేళ్ల కుర్రాణ్ణి ఓ ముఠా పిల్లలు కొట్టి, పొడిచి చంపారు. పోలియో వల్ల సరిగ్గా పరిగెత్తలేని పిల్లాడు. రెండేళ్ల తర్వాత, 1959 ఆగస్టు చివర్లో, హెల్స్ కిచెన్ అనే పేటలో పిల్లలు ఆడుకునే మైదానంలో ఇద్దరు టీనేజీ కుర్రాళ్లు హత్యకు గురయ్యారు. చంపినవాడు సాల్వడోర్ అగ్రాన్, పదహారేళ్లు. భుజాల మీద నల్ల కేప్ వేసుకుని తిరిగేవాడు కాబట్టి పేపర్లు వాడికి ‘కేప్‌మ్యాన్’ అని పేరు పెట్టాయి. ఆ వయసులో చేసిన నేరానికి మరణశిక్ష పడింది. మాజీ అధ్యక్షుడి భార్య ఎలినార్ రూజ్‌వెల్ట్ లాంటివాళ్లు కూడా క్షమాభిక్ష కోరారు. 1962లో గవర్నర్ నెల్సన్ రాక్‌ఫెల్లర్ దాన్ని యావజ్జీవంగా మార్చారు. ఆ కాలపు ముఠా కుర్రాళ్లు తుపాకీ కొనక్కర్లేదు. కారు రేడియో ఏరియల్ గొట్టం విరిచి తెచ్చి, చెక్క పిడికి బిగించి, రబ్బరు బ్యాండ్లు సాగదీసి పేల్చేవారు. జిప్ గన్ అనేవారు దాన్ని. ఎదుటివాడికెంత ప్రమాదమో పేల్చేవాడి వేళ్లకూ అంతే ప్రమాదం. సాయంత్రమైతే పార్కులకు వెళ్లొద్దని తల్లులు పిల్లల్ని ఆపింది ఈ ‘బంగారు’ యాభైల్లోనే.

మరి నేరాలు తక్కువగా ఎందుకు కనిపిస్తున్నాయంటారా? ఇది నా వృత్తికి దగ్గర విషయం, కాస్త ఓపిక పట్టండి. నేరం జరగడం వేరు, స్టేషన్లో కేసు కట్టడం వేరు. నలభైల్లో న్యూయార్క్‌లో ఫిర్యాదు నమోదు పని ఏ పేట స్టేషన్ దానిదే. కేసు తేలదనిపిస్తే ఆ కాగితం చెత్తబుట్టలోకి పోయేది. స్టేషన్ లెక్క బాగుంటే కెప్టెన్‌కి మంచి పేరు, కాగితం తగ్గితే డిటెక్టివ్‌కి పని తక్కువ. ఇంతటి మహానగరంలో ఇన్నేనా దొంగతనాలు అని, దేశం నేరాల లెక్కలు వేసే ఎఫ్‌బీఐకే అనుమానమొచ్చి, 1949లో న్యూయార్క్ అంకెలు నమ్మలేమంటూ ప్రచురించడం మానేసింది. తర్వాత పోలీసు శాఖ ఫిర్యాదులన్నీ ఒకేచోట నమోదయ్యే పద్ధతి పెట్టింది. 1948కీ 1952కీ మధ్య దోపిడీల లెక్క అయిదు రెట్లయింది. ఇళ్ల చోరీలు పది రెట్లు దాటాయి. ఊళ్లో దొంగలేమీ పది రెట్లు కాలేదు, రాసుకోవడం మొదలైందంతే.

ఇదే కథ 1966లో మళ్లీ నడిచింది. జాన్ లిండ్సే కొత్త మేయర్. ఆయన తెచ్చిన పోలీసు కమిషనర్ హోవర్డ్ లియరీ నమోదును మళ్లీ బిగించారు. 1965లో 51 వేలున్న ఇళ్ల చోరీలు 1966లో లక్షా ఇరవై వేలకు, 9 వేలలోపు ఉన్న దోపిడీలు 23 వేల పైకి ఎగబాకాయి. ఈ అంకె పేపర్లో చదివినవాడి గుండె ఎలా ఉంటుందో ఆలోచించండి. నిజాయితీగా లెక్క రాసిన ఏడాదే ఊరు ఎక్కువ భయపడుతుంది. నేను ఉద్యోగంలో ఉన్నప్పుడు సాయంత్రం స్టేషన్‌కెళ్తే ముందు అడిగేది ‘ఇవాళ ఏం జరిగింది’ అని కాదు, ‘ఇవాళ ఏం రాశారు’ అని.

అయితే ఇదంతా కాగితాల మాయే అనుకోకండి. దొంగతనం కాగితం దాచొచ్చు, శవాన్ని దాచడం కష్టం. అందుకే నేను హత్యల లెక్కనే నమ్ముతాను. న్యూయార్క్‌లో 1964లో 636 హత్యలు. 1972లో 1,691. 1990లో 2,245. మీ బావగారి మాటలో నిజమున్నది ఇక్కడే.

ప్రశ్న: సినిమా హాల్లో సీట్లు కోసి బాంబులు పెట్టినవాడి గురించి ఎక్కడో చదివాను. కల్పితమా? (ఒక మెకానిక్)

నూటికి నూరుపాళ్లూ నిజం. పేరు జార్జ్ మెటెస్కీ. కరెంటు కంపెనీ కాన్ ఎడిసన్‌లో పనిచేస్తూ 1931లో ప్రమాదానికి గురయ్యాడు, పరిహారం అందలేదని పగబట్టాడు. 1940లో మొదటి బాంబు పెట్టాడు. అమెరికా రెండో ప్రపంచ యుద్ధంలోకి దిగాక, దేశభక్తితో యుద్ధం అయ్యేదాకా బాంబులు ఆపుతున్నానని పోలీసులకు ఉత్తరం రాసి మరీ ఆపాడు. 1951లో మళ్లీ మొదలుపెట్టాడు. రైల్వే స్టేషన్లు, టెలిఫోన్ బూతులు, లైబ్రరీ, సినిమా హాళ్లు. హాల్లో సీటు అడుగున కత్తితో గాటు పెట్టి, దూదిలోకి బాంబు దూర్చి, సినిమా మధ్యలో లేచి వెళ్లిపోయేవాడు. మొత్తం 33 పెడితే 22 పేలాయి. పదిహేను మంది గాయపడ్డారు, ఒక్కరూ చనిపోలేదు. కంపెనీ పాత ఫైళ్లు తిరగేస్తున్న ఓ గుమాస్తా అతని ఉత్తరాల్లోని మాటల వరస పోల్చుకోవడంతో 1957 జనవరిలో కనెక్టికట్‌లోని వాటర్‌బరీలో, అక్కచెల్లెళ్లతో ఉంటున్న ఇంట్లో దొరికాడు. ఇదీ యాభైల్లోనే సుమా, పై ఉత్తరం రాసిన వారి బావగారికి చెప్పండి.

ప్రశ్న: నేను కాలేజీలో సైకాలజీ చెబుతాను. 1964లో న్యూయార్క్‌లో కిటీ జెనొవీస్ అనే యువతిని చంపుతుంటే 38 మంది కిటికీల్లోంచి చూస్తూ ఒక్కరూ పోలీసులకు ఫోన్ చేయలేదన్న సంఘటన ఏటా పాఠంలో చెబుతాను. ఈ మధ్య ఓ విద్యార్థి అది అబద్ధమన్నాడు. ఏం చెప్పమంటారు? (ఒక లెక్చరర్)

మీ విద్యార్థికి మార్కులు తగ్గించకండి మేడమ్.

హత్య నిజం. 1964 మార్చి 13, తెల్లవారుజామున మూడు దాటింది. న్యూయార్క్‌లో భాగమైన క్వీన్స్‌లోని క్యూ గార్డెన్స్ పేట. ఇరవై ఎనిమిదేళ్ల కిటీ ఓ బార్‌లో మేనేజర్, డ్యూటీ దిగి వచ్చి లాంగ్ ఐలండ్ రైల్‌రోడ్ స్టేషన్ పక్క పార్కింగ్‌లో కారు ఆపింది. మా అమ్మాయి క్వీన్స్‌లో ఉన్న రోజుల్లో నేనూ ఆ వీధికి వెళ్లి చూశాను. ఆస్టిన్ స్ట్రీట్ మీద రెండంతస్తుల పొడవాటి భవనం, కింద దుకాణాలు, పైన ఇళ్లు. ఆ ఇళ్ల గుమ్మాలు వీధివైపు కాదు, వెనక రైలు పట్టాల వైపు. ఈ ఒక్క సంగతి తెలియకపోతే ఆ రాత్రి ఏం జరిగిందో అర్థం కాదు. మొదటి దాడి ముందు వీధిలో, దుకాణాల ఎదుట జరిగింది. ఎదురు అపార్ట్‌మెంట్‌లోంచి ఒకాయన ‘ఆ అమ్మాయిని వదిలెయ్’ అని కేకేశాడు. హంతకుడు పారిపోయాడు. కిటీ లేచి, తూలుకుంటూ భవనం చుట్టూ తిరిగి వెనక్కి వెళ్లింది. ఇక ముందు వీధి కిటికీల్లోంచి చూసేవాళ్లకి ఆమె కనపడదు. గొడవ అయిపోయింది, ఆ అమ్మాయి ఇంటికి పోయిందనుకుని ఉంటారు. హంతకుడు తిరిగొచ్చి వెతికి, వెనక గుమ్మం లోపల మెట్ల దగ్గర మళ్లీ దాడి చేశాడు. అది చూడగలిగినవాళ్లు ఒకరిద్దరు. వాళ్లలో మెట్ల పైనున్నాయన తలుపు తీసి, చూసి, మూసేసుకున్నాడు. ఆయన్ని నేను వెనకేసుకు రాను. కానీ మరో పొరుగావిడ, ఇంకా హంతకుడు అక్కడే ఉన్నాడో లేదో తెలియకుండానే, కిందికి పరుగెత్తుకెళ్లి, ప్రాణం పోతున్న కిటీని ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. మీ పాఠంలో ఆవిడ ఉందా?

మరి ఈ 38 ఎక్కడిది? మర్నాడు న్యూయార్క్ టైమ్స్‌లో వచ్చింది నాలుగు చిన్న పేరాలే. పది రోజులకు ఆ పత్రికలో ఊరి వార్తలు చూసే మెట్రో ఎడిటర్ ఎ.ఎం. రోజెంతాల్, పోలీస్ కమిషనర్ మైకేల్ మర్ఫీతో కలిసి భోజనం చేస్తూ వేరే కేసు సంగతి అడిగారు. ఒకే హత్యను ఇద్దరు ఒప్పుకున్న చిక్కు కేసు అది, పోలీసులకు ఇబ్బంది. మర్ఫీ మాట మార్చి, అదలా ఉంచండి, క్వీన్స్‌లో 38 మంది సాక్షుల సంగతి చూడండి అన్న ధోరణిలో చెప్పారు. మార్చి 27న మొదటి పేజీలో కథ వచ్చింది. హెడ్డింగ్‌లో 37, లోపల వార్తలో 38, మూడు దాడులు, అరగంట పైగా జనం చూస్తూ కూర్చున్నారు! నిజానికి దాడులు రెండు. చాలామంది ఏదో అరుపు విన్నారు, మంచి నిద్రలో, మార్చి చలికి కిటికీలు మూసుకుని. 2016లో హంతకుడు జైల్లో చనిపోయినప్పుడు టైమ్స్ తన పాత కథనం తప్పులతడకని తనే రాసుకుంది. అధికారి భోజనాల దగ్గర చెప్పిన మాట మర్నాడు పేజీ ఎక్కడం నేను చాలాసార్లు చూశాను. చెప్పినవాడికి పని అయిపోతుంది, రాసినవాడికి పేరొస్తుంది.

ఫోన్ సంగతి ఒకటుంది. అప్పటికి 911 లేదు. ఆపరేటర్‌కి చెయ్యాలి, లేదా పోలీసుల నంబరు వెతుక్కోవాలి. ఫోన్ ఎత్తినవాడు నీ పేరేంటి, నువ్వెవరు, ఎందుకు చేస్తున్నావని ఎదురు ప్రశ్నలేస్తాడని జనానికి జంకు. న్యూయార్క్‌కి 911 వచ్చింది 1968 జూలైలో.

ఇక హంతకుడు. విన్‌స్టన్ మోస్లీ, పెళ్లయింది, పిల్లలున్నారు, సొంత ఇల్లుంది, ఉద్యోగముంది, పాత కేసులు లేవు. కిటీ కంటే రెండు వారాల ముందు ఓ నల్లజాతి యువతిని చంపానని తనే చెప్పాడు. ఆమె గురించి మొదటి పేజీలో ఎవరూ రాయలేదు. వాడు దొరికిందెలాగో తెలుసా? వారం తిరక్కుండానే, క్వీన్స్‌లోనే మరో పేటలో పట్టపగలు ఒకరింట్లోంచి టీవీ మోసుకుపోతుంటే పక్కింటాయన అనుమానపడి ఇంకో పక్కింటాయన్ని అడిగాడు. వాళ్లు ఇల్లు మారుతున్నారా? లేదే! ఒకరు పోలీసులకు ఫోన్ చేశారు, ఇంకొకరు వెళ్లి వాడి కారు కదలకుండా ఇంజన్లో ఓ భాగం ఊడదీశారు. ఇరుగుపొరుగు పట్టించుకోరని ఊరంతా తిట్టుకున్న కేసులో, హంతకుణ్ణి పట్టిచ్చింది ఇరుగుపొరుగే. తిట్లు మొదలయ్యే నాటికే వాడు లోపల ఉన్నాడు.

డార్లీ, లాటనే అనే ఇద్దరు పరిశోధకులు ఈ వార్త చూసి చేసిన ప్రయోగాలు మాత్రం కొట్టిపారేసేవి కావు. చుట్టూ ఎక్కువమంది ఉంటే ఒక్కొక్కరూ కదలడం ఆలస్యమవుతుందని వాళ్లు చూపించారు. పాఠంలో ప్రయోగాలు ఉంచండి, 38 తీసేయండి.

ప్రశ్న: ఆ భయానికి రంగు ఉందా? తెల్లవాళ్లు నల్లవాళ్లను చూసి భయపడటమేనా ఇదంతా? (ఒక లా విద్యార్థిని)

ఉంది. కానీ ‘అదే మొత్తం’ అంటే ఒప్పుకోను.

1966 నవంబరులో జరిగిన ఓ ఓటింగ్ సంగతి చెబుతాను. పోలీసుల మీద వచ్చే ఫిర్యాదులు విచారించే బోర్డులో మేయర్ లిండ్సే నలుగురు పౌరుల్ని వేశారు, పోలీసులు ముగ్గురు. పోలీసు సంఘం దీన్ని రద్దు చేయాలని ప్రజాభిప్రాయానికి పెట్టించింది. ప్రచారానికి వేసిన పోస్టర్ బొమ్మలో బోర్డు లేదు, పోలీసు లేడు, ముద్దాయి లేడు. సబ్‌వే (భూగర్భ రైలు) మెట్లెక్కి చీకటి వీధిలోకి వచ్చిన ఓ తెల్ల యువతి, ఒంటరిగా. ఆమె ప్రాణం, మీ ప్రాణం దీని మీదే ఆధారపడి ఉండొచ్చని కింద రాశారు. ఆమె ఎవరికి భయపడుతోందో రాయలేదు, రాయక్కర్లేకపోయింది. దాదాపు ముగ్గురిలో ఇద్దరు బోర్డు వద్దని ఓటేశారు.

ఇదే భయం ఒక మనిషి నెత్తిన ఎలా పడిందో చూడండి. 1963 ఆగస్టు 28న మాన్‌హట్టన్‌లో ఇద్దరు యువతులు తమ ఫ్లాట్లోనే హత్యకు గురయ్యారు. నెలలు గడిచినా నిందితుడు దొరకలేదు, పోలీసుల మీద ఒత్తిడి. మరుసటి ఏడాది ఏప్రిల్‌లో అదే ఊళ్లోని బ్రూక్లిన్‌లో జార్జ్ విట్‌మోర్ అనే పంతొమ్మిదేళ్ల నల్లజాతి కుర్రాణ్ణి పట్టుకుని, ఇరవై గంటలకు పైగా కూర్చోబెట్టి, 61 పేజీల ఒప్పుకోలు రాయించారు. జేబులో ఉన్న ఓ తెల్లమ్మాయి ఫొటో చనిపోయిన అమ్మాయిదేనన్నారు. అది న్యూజెర్సీలోని మరో అమ్మాయిదని తేలింది. హత్య జరిగిన రోజు అతనూ న్యూజెర్సీలోనే ఉన్నాడు, టీవీలో మార్టిన్ లూథర్ కింగ్ ప్రసంగం చూస్తూ. అసలు హంతకుడు రిచర్డ్ రోబుల్స్ అనే హెరాయిన్ బానిసకు తర్వాత శిక్ష పడింది. 1965లో న్యూయార్క్ రాష్ట్రం మరణశిక్షను చాలావరకు రద్దు చేయడానికి విట్‌మోర్ ఉదంతం బలమైన వాదనైంది. మీరు లా చదువుతున్నారు కనుక, ప్రశ్నించే ముందు నిందితుడికి అతని హక్కులు చెప్పాలన్న మిరండా తీర్పు తీసి చూడండి, అందులోనూ ఇది కనిపిస్తుంది. ఇంకో కేసు ముడిపడి ఉండటంతో విట్‌మోర్‌కు పూర్తి విముక్తి దొరికేసరికి 1973 వచ్చింది.

రెండో పక్క చెప్పకపోతే లెక్క తప్పుతుంది. నేరాల దెబ్బ ముందు పడింది నల్లవాళ్లు ఎక్కువగా ఉండే హార్లెమ్ మీద, బ్రూక్లిన్‌లోని పేద పేటల మీద. 1964 జూలైలో ఓ పోలీస్ లెఫ్టినెంట్ పదిహేనేళ్ల నల్లజాతి పిల్లాణ్ణి కాల్చి చంపితే హార్లెమ్ భగ్గుమంది. అదే హార్లెమ్‌లో నాలుగేళ్ల తర్వాత నల్లజాతివారి హక్కుల సంఘం ఎన్‌ఏఏసీపీ శాఖ వీధి నేరాలతో బతకలేకపోతున్నామనీ, ఎక్కువ పోలీసులు కావాలనీ, శిక్షలు గట్టిగా ఉండాలనీ అడిగింది. పోలీసంటే భయం, పోలీసు లేకపోయినా భయం. హార్లెమ్ అవ్వ సాయంత్రం కూరగాయలకు వెళ్లాలంటే పడ్డ టెన్షన్‌కి ఏ పోస్టరూ వేయలేదు.

ప్రశ్న: అసలు నేరాలు ఎందుకు పెరిగాయి? ఒక్క ముక్కలో చెప్పండి. (రిటైర్డ్ హెడ్మాస్టర్)

ఒక్క ముక్కలో చెప్పేవాణ్ణి నమ్మకండి మాస్టారూ. యుద్ధం తర్వాత పుట్టిన పిల్లలంతా ఒకేసారి కుర్రాళ్లయ్యారు, నేరాలు ఎక్కువగా చేసే వయసు అదే. వాళ్ల తండ్రులకు పని ఇచ్చిన కుట్టు ఫ్యాక్టరీలు, రేవు పనులు వాళ్లకు లేకుండా ఊరు దాటిపోయాయి. జీతాలున్న కుటుంబాలు శివార్లకు వెళ్లిపోయాయి. రోడ్ల కోసం, కొత్త కట్టడాల కోసం పాత పేటల్ని కూల్చారు. వీటి మీద హెరాయిన్ వచ్చి పడింది. అలవాటు పడ్డవాడికి రోజూ డబ్బు కావాలి, అది పక్కింటి టీవీ నుంచే రావాలి. ఏది ఎంత అంటే ఈనాటికీ పండితులు జుట్లు పట్టుకుంటున్నారు.

ప్రశ్న: ఆ పోలీస్ లాక్ పనిచేసేదెలా? అలాంటివి ఇంకేం చేసేవారు? (తాళాల దుకాణం యజమాని)

మీలాంటివారు అడగాల్సిన ప్రశ్న. తలుపుకి లోపల రెండు మూడడుగుల దూరంలో నేలలో చిన్న ఇనప గుంట బిగిస్తారు. స్టీలు కడ్డీ ఒక కొన అందులో, రెండో కొన తలుపు మీది తాళంలో. తలుపుని బయటినుంచి తన్నితే ఆ బలమంతా కడ్డీ ద్వారా నేలలోకి పోతుంది. గొళ్లెం ఊడొచ్చేమో గానీ నేల ఊడదు కదా. బయటినుంచి తాళంచెవి తిప్పితే కడ్డీ పైకొన పక్కకు జరిగి తలుపు తెరుచుకుంటుంది. దీని పైన మామూలు తాళం, దాని పైన గొలుసు, మధ్యలో చూడటానికి చిన్న కన్నం. అగ్నిప్రమాదం జరిగితే ఇవన్నీ తీసుకుని బయటపడేదెప్పుడన్నది ఎవరూ ఆలోచించినట్టు లేదు.

తాళాలతో ఆగలేదు. 1964లో బ్రూక్లిన్ క్రౌన్ హైట్స్‌లో హసిడిక్ అనే సంప్రదాయ యూదులు ‘మకబీస్’ పేరుతో రేడియోలున్న కార్లలో రాత్రి గస్తీ తిరిగారు. 1965 మార్చిలో సబ్‌వే రైల్లో పదిహేడేళ్ల కుర్రాడి హత్య జరిగాక, ఏప్రిల్ నుంచి అప్పటి మేయర్ వాగ్నర్ రాత్రి ఎనిమిది నుంచి తెల్లవారి నాలుగు దాకా ప్రతి రైల్లో ఒక పోలీసుని పెట్టారు. మొదట నేరాలు తగ్గాయి, కొన్నాళ్లకు మళ్లీ పెరిగాయి. ఖర్చు మాత్రం తగ్గలేదు.

నా మట్టుకు నాకు బాగా నచ్చింది బస్సుల పని. డ్రైవర్ దగ్గర చిల్లర ఉంటుందని తెలిసి దొంగలు బస్సులెక్కి దోచుకునేవారు. 1969 ఆగస్టు 31 నుంచి ప్రయాణికుడు సరిగ్గా 20 సెంట్లూ తెచ్చుకుని తాళం వేసిన పెట్టెలో వేయాలి, చిల్లర ఇచ్చేది లేదు, పెట్టె తాళంచెవి డ్రైవర్ దగ్గర ఉండదు. బస్సు దోపిడీలు ఒక్కసారిగా పడిపోయాయి. అదనంగా ఒక్క పోలీసునీ పెట్టలేదు. డాలరు నోటు పట్టుకుని బస్సెక్కినవాళ్లు మాత్రం డ్రైవర్ని తిట్టుకుంటూ దిగిపోయేవారు.